మినీకిట్ దాటాల్సిన మోడల్: టీ కణాల రిసెప్టర్లపై డీప్ లెర్నింగ్ పరిశోధన

భీమవరం చుట్టుపక్కల ఏ రోడ్డున వెళ్లినా గట్టుకి ఒక పక్కన బొచ్చె, శీలావతి పెంచే చేపల చెరువు, ఇంకో పక్కన ఏరేటర్లు తిరుగుతున్న వనామీ రొయ్యల చెరువు కనిపించడం మామూలే. రొయ్యల రైతు మాట ఎక్కడ మొదలైనా సీడ్, అంటే రొయ్య పిల్లల, దగ్గరికే వస్తుంది. ఏ హేచరీది, పీసీఆర్ చేయించారా, తెల్లమచ్చ లేదని రిపోర్టు వచ్చిందా అని. 1990ల మధ్యలో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్య సాగును ఊడ్చేశాక ఆ భయం ఈ ప్రాంతానికి అలవాటైపోయింది. రొయ్యకు టీకా వేసి గట్టెక్కుదామంటే కుదరదు. మన ఒంట్లో ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే ఏర్పాటు ఉంటుంది కదా, అది రొయ్యలో లేదు. టీ కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. పుట్టుకతో వచ్చిన రక్షణ ఎంత ఉందో అంతే.

గట్టుకి అవతల ఉన్న శీలావతికి మాత్రం అవన్నీ ఉన్నాయి. దవడలున్న వెన్నెముక జీవులన్నిటికీ, చేప నుంచి మనిషి దాకా, టీ కణాలూ బీ కణాలూ ఉంటాయి. ఆ కణాల పైపొర మీద ఉండే రిసెప్టర్లు, అంటే గ్రాహకాలు, ఒక్కో కణానికి ఒక్కో తీరుగా ఉంటాయి. ఏ రిసెప్టర్ ఏ జబ్బును పట్టుకుంటుందో ముందే చెప్పగలమా అన్నది ఇవాళ ప్రపంచవ్యాప్తంగా ఎంతోమంది డాక్టరేట్ విద్యార్థులు తలపట్టుకు కూర్చున్న ప్రశ్న. కంప్యూటర్ సైన్సు చదివి డీప్ లెర్నింగ్ (బోలెడు డేటా చూపించి కంప్యూటర్ మోడల్ చేత పోలికలు నేర్పించే పద్ధతి) మీద పీహెచ్‌డీ చేద్దామనుకునే పిల్లలు కాకినాడ, రాజమండ్రి, తాడేపల్లిగూడెంలలో చాలామందే ఉంటారు. అలాంటి వాళ్లకు ఈ రంగం దూరం నుంచి చాలా తేలిగ్గా కనిపిస్తుంది. డేటా ఉచితంగా దొరుకుతుంది, అది అక్షరాల రూపంలో ఉంటుంది, అక్షరాలతో పనిచేసే మోడళ్లు సిద్ధంగా ఉన్నాయి. చిక్కంతా దగ్గరికి వెళ్లాక తెలుస్తుంది.

టీ కణం వైరస్‌ను నేరుగా చూడదు. మన కణాలు తమ లోపలి ప్రోటీన్లను ముక్కలు చేసి, ఆ చిన్న ముక్కలను, అంటే పెప్టైడ్లను, హెచ్‌ఎల్‌ఏ అనే పళ్లెంలో పెట్టి బయటికి చూపిస్తాయి. టీ కణం ఆ పళ్లేన్నీ అందులోని ముక్కనీ కలిపి చూస్తుంది. పళ్లెం మారితే అదే ముక్క అదే కణానికి ఆనదు. ఈ సంగతిని పీటర్ డోహర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1974లో చూపించారు. 1996లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇబ్బందేమిటంటే ఈ పళ్లెం అందరికీ ఒకటి కాదు. మనిషి జన్యువుల్లో ఇంతగా మారేవి మరి లేవు. ఇప్పటికి నమోదైన హెచ్‌ఎల్‌ఏ రకాలు 30 వేలకు పైనే. తోడబుట్టినవాళ్లలో కూడా ఇద్దరికి పూర్తిగా కలిసే అవకాశం నాలుగో వంతే. ఈ పళ్లెం మాట మళ్లీ వస్తుంది, ఎందుకంటే గోదావరి డెల్టాకు సంబంధించిన అసలు సమస్య అక్కడే ఉంది.

ఇక రిసెప్టర్ ఎలా తయారవుతుందో చూద్దాం. మనిషికి ఉన్న జన్యువులు దాదాపు 20 వేలు. ఒక్క మనిషి రక్తంలో తిరిగే టీ కణాల రిసెప్టర్లు, 1999లో వేసిన ఒక లెక్క ప్రకారం, కనీసం రెండున్నర కోట్ల రకాలు. 20 వేల జన్యువులతో కోట్ల రకాలు ఎలా వస్తున్నాయన్న చిక్కుముడిని సుసుము తొనెగవా 1976లో యాంటీబాడీ జన్యువుల్లో విప్పారు. 1987లో నోబెల్ అందుకున్నారు. జన్యువు ముక్కలు ముక్కలుగా ఉంటుంది, ఒక్కో కణం ఆ ముక్కల్లోంచి తనకు తోచినవి ఏరి కలుపుకుంటుంది. టీ కణాలదీ అదే పద్ధతి. టీ కణం రిసెప్టర్‌లో ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులుంటాయి, ముక్కలకు వీ, డీ, జే అని పేర్లు. బీటా గొలుసు కోసం వీ ముక్కలు 48 దాకా, డీ ముక్కలు 2, జే ముక్కలు 13 ఉన్నాయి. గుణిస్తే 1,250 దగ్గర ఆగుతుంది. కోట్లు రావాలంటే ఇది ఏ మూలకీ చాలదు. అసలు వైవిధ్యం అతుకు దగ్గర పుడుతుంది. ముక్కలు కలిపేటప్పుడు కణం వాటి చివర్లను కొంచెం కొరికేసి, మధ్యలో కొన్ని డీఎన్‌ఏ అక్షరాలను ఏ పద్ధతీ లేకుండా చేరుస్తుంది. ఆ అతుకు ఉన్న చోటే పెప్టైడ్‌ను ఎక్కువగా తాకే వంపు. పరిశోధకులు దాన్ని సీడీఆర్3 అంటారు.

ఒక ఉదాహరణ దగ్గరగా చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఫ్లూ వైరస్ ఎం1 ప్రోటీన్‌లో తొమ్మిది అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌కి ఇటుకల్లాంటివి, ఒక్కోదానికీ ఒక్కో ఇంగ్లీషు అక్షరం గుర్తు) ముక్క ఒకటి ఉంది: జీ, ఐ, ఎల్, జీ, ఎఫ్, వీ, ఎఫ్, టీ, ఎల్. హెచ్‌ఎల్‌ఏ ఏ-02:01 అనే పళ్లెం ఉన్నవాళ్లలో ఈ ముక్కను పట్టుకునే టీ కణాలను వెతికితే ఒకే తరహా సీడీఆర్3 పదేపదే కనిపిస్తుంది: సీ, ఏ, ఎస్, ఎస్, ఐ, ఆర్, ఎస్, ఎస్, వై, ఈ, క్యూ, వై, ఎఫ్. మొత్తం పదమూడు అక్షరాలు. మొదటి ఐదూ 19వ నంబరు వీ ముక్క నుంచి వచ్చాయి. చివరి ఆరూ ఒక జే ముక్క నుంచి వచ్చాయి. మధ్యలో మిగిలినవి రెండే, ఆర్, ఎస్. తల్లిదండ్రుల నుంచి ఈ రెండూ తయారుగా రాలేదు. డీ ముక్కలో మిగిలిన కొసరూ, ఎంజైము వేసిన యాదృచ్ఛిక అక్షరాలూ కలిసి అతుకు దగ్గర పుట్టినవి. ఆ ఆర్, అంటే ఆర్జినిన్, వెళ్లి పెప్టైడుకీ పళ్లెం గోడకీ మధ్య ఉన్న సందులో దూరి కూర్చుంటుందని స్ఫటిక నిర్మాణంలో చూశారు. ఒకరికొకరు సంబంధం లేని మనుషుల్లో, వేరువేరు దేశాల్లో ఇదే రెండక్షరాల కిటుకు దొరుకుతోంది. ఐదో అక్షరం ఐ బదులు ఎస్ ఉన్నా పని నడుస్తుంది. మధ్యలో ఆర్ ఎస్ ఉండాలి.

డీప్ లెర్నింగ్ మీద ఆశ పుట్టింది ఇలాంటి చోటే. ఏదో ఒక పోలిక ఉంది, అది కంటికి కొంచెం కనిపిస్తోంది, లక్షల వరుసల్లో చూస్తే యంత్రానికి ఇంకా బాగా కనిపిస్తుందేమో అని. అమైనో ఆమ్లాలు ఇరవైయే కాబట్టి ఒక్కో అక్షరానికీ కొన్ని సంఖ్యలు ఇచ్చి, సీడీఆర్3ని సంఖ్యల పట్టికగా మారుస్తారు. పెప్టైడ్‌నీ అలాగే మారుస్తారు. రెంటినీ న్యూరల్ నెట్‌వర్క్‌కి ఇచ్చి ఇవి అతుకుతాయా అతకవా అని అడుగుతారు. ఆ నెట్‌వర్క్ కట్టే తీరులో మొదట్లో కన్వొల్యూషన్ నెట్‌వర్క్‌లు వాడారు, తర్వాత ఎల్‌ఎస్‌టీఎంలు వచ్చాయి, ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్లూ కోట్ల ప్రోటీన్ల మీద ముందే తర్ఫీదు పొందిన భాషా మోడళ్లూ వాడుతున్నారు. ఈ మార్పుల వరుసను థీసిస్ రెండో అధ్యాయంలో ఎలాగూ రాస్తారు, ఇక్కడ సాగదీయనక్కర్లేదు.

ఆల్ఫాఫోల్డ్ ఉండగా ఇంత అవస్థ ఎందుకని చాలామంది అడుగుతారు. ప్రోటీన్ ఆకారాన్ని ఊహించడంలో అది చేసిన పనికి 2024 రసాయన శాస్త్ర నోబెల్‌లో డెమిస్ హసాబిస్‌కీ జాన్ జంపర్‌కీ వాటా దక్కింది. అడగదగిన ప్రశ్నే. అయితే ఆల్ఫాఫోల్డ్ బలంలో పెద్ద భాగం పరిణామ చరిత్ర నుంచి వచ్చింది. ఒకే ప్రోటీన్‌కి చేపలో, కోడిలో, మనిషిలో ఉన్న రూపాలను వరుసగా పేర్చి, ఏ అక్షరం మారినప్పుడు ఏది తోడుగా మారిందో చూసి ఆకారం పసిగడుతుంది. సీడీఆర్3 అతుకుకి అలాంటి వంశవృక్షం లేదు. అది ఆ మనిషి ఒంట్లోనే ఎప్పుడో ఒకరోజు పుట్టింది, ఆ మనిషితోనే పోతుంది. దానికితోడు ఆ వంపు మెత్తగా కదులుతూ ఉంటుంది. ప్రయోగశాలల్లో తేల్చిన రిసెప్టర్-పెప్టైడ్-పళ్లెం నిర్మాణాలు ప్రపంచం మొత్తమ్మీద కొన్ని వందలే. నిర్మాణం మీద ఆధారపడే మోడళ్లు ముందుకు వస్తున్నాయి, కానీ ఆల్ఫాఫోల్డ్ మామూలు ప్రోటీన్ల మీద చూపించిన ధీమా ఇక్కడ ఇంకా రాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. ఈ రంగంలో వచ్చే చాలా పత్రాల్లో ఫలితాల పట్టిక కళ్లు జిగేల్‌మనేలా ఉంటుంది. అతికే జతలనూ అతకనివాటినీ మోడల్ ఎంత బాగా వేరు చేస్తోందో చెప్పే ఏయూసీ అనే కొలత 0.9 అనో అంతకంటే ఎక్కువనో రాస్తారు. నాణెం ఎగరేసి చెప్పినా 0.5 వస్తుంది, తప్పులేకుండా చెబితే 1 వస్తుంది. 0.9 అంటే పని అయిపోయినట్టే అనిపిస్తుంది. అదే మోడల్‌కి తర్ఫీదులో ఎప్పుడూ చూడని పెప్టైడ్ ఒకటి ఇచ్చి, దీన్ని పట్టుకునే రిసెప్టర్లేవో చెప్పమంటే, ఆ అంకె తరచుగా 0.5 దగ్గరికి జారిపోతుంది. వేరువేరు బృందాల మోడళ్లను ఒకే పరీక్షకు కూర్చోబెట్టిన పోటీల్లోనూ ఇదే తేలింది. తెలిసిన పెప్టైడ్ల విషయంలో పనికొస్తున్నాయి, తెలియని పెప్టైడ్ ముందు మాత్రం ఊహ కంటే పెద్ద మెరుగు లేదు.

ఈ తేడా ఎందుకో మార్టేరు తెలిసినవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడి వరి పరిశోధన కేంద్రం నుంచి 1982లో వచ్చిన ఎంటీయూ 7029, అదే స్వర్ణ, దేశంలో ఎన్ని రాష్ట్రాల్లో పండుతోందో అందరికీ తెలుసు. ఒక వరి వంగడాన్ని స్టేషన్ మడిలో పండించి, దిగుబడి బాగుందని అదే మడి లెక్క చూపించి విడుదల చేయరు. వేరే జిల్లాల్లో, వేరే నేలల్లో పరీక్షిస్తారు. మినీకిట్లు, అంటే కొద్దిపాటి విత్తనాల సంచులు, ఇచ్చి రైతుల పొలాల్లోనే వేయించి చూస్తారు. స్టేషన్‌లో నిలబడి రైతు పొలంలో పడిపోయిన రకాలు ఎన్నో. రిసెప్టర్ మోడళ్లలో చాలావాటికి ఈ మినీకిట్ పరీక్ష జరగడం లేదు. డేటా మొత్తాన్ని కలిపేసి, అందులోంచే యాదృచ్ఛికంగా 80 శాతం తర్ఫీదుకి, 20 శాతం పరీక్షకి విడదీస్తారు. పరీక్షలోకి వచ్చే పెప్టైడ్లు తర్ఫీదులో ఉన్నవే. సీడీఆర్3లు కూడా ఒక్క అక్షరం తేడాతో అటూ ఇటూ ఉంటాయి. పైన చూసిన ఐ ఉన్న వరుస తర్ఫీదులోకి, ఎస్ ఉన్న వరుస పరీక్షలోకి వెళ్తే మోడల్ కొత్తగా నేర్చుకున్నదేమీ లేదు, పాత ప్రశ్నపత్రం చూసి రాసినట్టే. ఇది మోసమని అనడం సరికాదు. చాలామందికి ఇందులో తప్పు ఉందని కూడా తెలియదు, ఎందుకంటే ఫొటోల్లో పిల్లినీ కుక్కనీ గుర్తించే పాఠాల్లో నేర్చుకున్నది ఈ పద్ధతే. కానీ థీసిస్ విలువ మొత్తం ఈ ఒక్క విభజన మీద నిలబడుతుంది కాబట్టి, గైడ్‌లు మొదటి ఆరు నెలల్లోనే పట్టుబట్టాల్సిన విషయం ఇది.

ఇంకో గొయ్యి ఇంతకంటే లోతైనది. డేటాబేసుల్లో ఉండేవి దాదాపుగా అతికిన జతలే. ఫలానా రిసెప్టర్ ఫలానా పెప్టైడ్‌ని పట్టుకుంది అని రాస్తారు, పట్టుకోలేదని ప్రయోగం చేసి రాసిపెట్టడం అరుదు. మోడల్‌కి మాత్రం రెండూ కావాలి. అందుకని అతకని జతలను తయారు చేస్తారు. ఉన్న రిసెప్టర్లనే అటూ ఇటూ మార్చి వేరే పెప్టైడ్ల పక్కన పెట్టడం ఒక దారి. ఆరోగ్యవంతుల రక్తం నుంచి వేరే ల్యాబు తీసిన రిసెప్టర్లు తెచ్చి కలపడం రెండో దారి. రెండో దారిలో అంకెలు ఎప్పుడూ బాగా వస్తాయి. ఒక్కో ల్యాబు పరికరానికీ రసాయనాలకీ ఒక్కో వాలు ఉంటుంది. మోడల్ ఆ వాలు పట్టుకుని, ఇది ఏ ల్యాబు నుంచి వచ్చిన వరుసో కనిపెట్టేస్తుంది. జీవశాస్త్రం ఒక్క ముక్క రాకపోయినా 0.9 దాటుతుంది. పత్రం అచ్చయ్యాక ఎవరో పెప్టైడ్ వరుస తీసేసి మోడల్‌ని మళ్లీ నడిపి చూస్తే, ఫలితం పెద్దగా మారదు. పెప్టైడ్ చూడకుండానే జవాబు చెప్పేస్తోందంటే అడిగిన ప్రశ్నకి అది జవాబు కాదు. ఈ చిన్న పరీక్ష చేయడానికి ఒక మధ్యాహ్నం సరిపోతుంది. పబ్లికేషన్ టెన్షన్‌లో ఉన్న విద్యార్థికి ఆ మధ్యాహ్నం భయంగానే ఉంటుంది, అయినా అది చేయని థీసిస్‌ని నమ్మడం కష్టం.

బీ కణాల సంగతి క్లుప్తంగా. వాటి రిసెప్టర్లే బయటికి వచ్చి యాంటీబాడీలవుతాయి. అవి పళ్లెంతో పని లేకుండా శత్రువును నేరుగా పట్టుకుంటాయి. పైగా జబ్బు వచ్చాక కూడా తమ జన్యువును మార్చుకుంటూ పదునుపెట్టుకుంటాయి. అందుకే ఒకే తల్లి కణం నుంచి పుట్టిన వరుసలు చుట్టరికంతో ఉంటాయి. వాటిని పరీక్షలోకీ తర్ఫీదులోకీ విడగొడితే పైన చెప్పిన పొరపాటే ఇంకా పెద్దదవుతుంది.

ఇక పళ్లెం దగ్గరికి. డేటాబేసుల్లో ఉన్న పెప్టైడ్లలో సింహభాగం సైటోమెగాలో వైరస్, ఎప్‌స్టీన్-బార్ వైరస్, ఫ్లూ, కొవిడ్‌లవి. వాటిని చూపించిన పళ్లెం ఎక్కువసార్లు ఏ-02:01, యూరప్ మూలాలున్నవారిలో బాగా కనిపించే రకం. మన దేశంలో ఏ-02 కుటుంబం ఉంది కానీ అందులో 02:11 వంటి రకాలకు ఇక్కడ పెద్ద వాటా ఉంది. దక్షిణాదిలో ఏ-11:01, ఏ-24:02, ఏ-33:03 బాగా కనిపిస్తాయి. ఇది లెక్కల్లో మిగిలిపోయే తేడా కాదు, మందుల దాకా వచ్చేసింది. కంటిలో వచ్చే ఒక రకం మెలనోమా క్యాన్సర్‌కు 2022లో అమెరికాలో ఆమోదం పొందిన టెబెంటఫస్ప్ మందు టీ కణం రిసెప్టర్ ఆధారంగా చేసినదే, అది పనిచేసేది ఏ-02:01 ఉన్నవాళ్లకే. 2024 ఆగస్టులో సైనోవియల్ సార్కోమా అనే క్యాన్సర్‌కు ఆమోదం వచ్చిన, రిసెప్టర్ మార్చిన టీ కణాలను ఎక్కించే మొదటి చికిత్సకు అర్హమైన రకాల జాబితాలో 02:01, 02:02, 02:03, 02:06 ఉన్నాయి. 02:11 లేదు. అమలాపురంలోనో నరసాపురంలోనో ఒక రోగికి ఆ క్యాన్సర్ వచ్చి, డబ్బు కూడా ఎలాగో సమకూరినా, పళ్లెం కలవక వెనక్కి రావాల్సిన పరిస్థితి ఉంది. ఏ పళ్లెం మీద డేటా ఉంటే ఆ పళ్లెం మీదే పరిశోధన, పరిశోధన ఉన్నచోటే మందు.

తప్పుగా ఊహిస్తే ఏమవుతుందో కూడా ఈ రంగానికి అనుభవమైంది. క్యాన్సర్ కణాల్లో ఉండే మేజ్-ఏ3 అనే ప్రోటీన్ ముక్కను గట్టిగా పట్టుకునేలా మార్చిన రిసెప్టర్‌తో టీ కణాలు ఎక్కిస్తే, అవి గుండె కండరంలోని టైటిన్ అనే ప్రోటీన్ ముక్కను కూడా పట్టుకున్నాయి. ఇద్దరు రోగులు చనిపోయారు. 2013లో ఆ వివరాలు బయటికి వచ్చాయి. ఒక్క రిసెప్టర్ పది లక్షలకు పైగా వేరువేరు పెప్టైడ్లను గుర్తించగలదని ప్రయోగాల్లో తేలింది. తొమ్మిది అక్షరాల పెప్టైడ్లు సాధ్యమయ్యేవి ఇరవైని తొమ్మిదిసార్లు వేసి గుణిస్తే 51,200 కోట్లు కాబట్టి, అన్నిటినీ ల్యాబులో పరీక్షించడం ఎవరి తరమూ కాదు. చూడని పెప్టైడ్ మీద మోడల్ నిజాయితీగా పనిచేయాలని పట్టుబట్టేది ఈ కారణానికే. మోడల్ చెప్పిన 0.9ని నమ్మి ఎవరో ఒకరోజు ఒక మనిషి నరంలోకి కణాలు ఎక్కిస్తారు.

ఇన్ని గోతులున్న చోట డెల్టాలో కూర్చున్న విద్యార్థి ఏం చేయగలడు? ఉచిత డేటాబేసు దించుకుని ఇంకో ట్రాన్స్‌ఫార్మర్ కట్టడం సులువు, దానికి విలువ తక్కువ. వందల మోడళ్లున్నాయి, లేనిది డేటా. ఆ డేటాలో ఒక భాగం ఈ ఊళ్లలో తప్ప ఇంకోచోట సులువుగా దొరకదు.

గోదావరి జిల్లాల్లో పెద్దవాళ్లు ఎవరినడిగినా బోదకాలు గురించి చెబుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవల నీళ్లు వచ్చాక డెల్టా అన్నపూర్ణ అయింది. ఆ నీళ్ల పక్కనే, ఊళ్ల మురుగు గుంటల్లో, బోదకాలు పురుగును మోసే క్యూలెక్స్ దోమకూ కావలసినంత చోటు దొరికింది. రాత్రి భోజనాలయ్యాక ఆరోగ్య శాఖవాళ్లు ఇంటింటికీ వచ్చి, నిద్రకళ్లతో ఉన్న పిల్లల వేలు గుచ్చి గాజు పలక మీద రక్తపు చుక్క తీసుకునేవారు. పగలు తీస్తే లాభం లేదు. పురుగు పిల్లలు రక్తంలోకి పైకి వచ్చేది రాత్రిపూటే. మరునాడు మాత్రలు ఇచ్చేవారు. ఆ మాత్ర డైఇథైల్‌కార్బమజైన్, దాన్ని 1947 ప్రాంతంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో వెలికితీసిన పరిశోధనకు నాయకత్వం వహించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. 1930లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకున్న ఆ మనిషి చేయించిన మందు సొంత జిల్లా రాత్రులను వెతుక్కుంటూ వచ్చింది. ఆ మాత్ర పురుగును ఎలా చంపుతుందన్నది ఇప్పటికీ పూర్తిగా తేలలేదు, మనిషి రోగనిరోధక కణాల సాయం అందులో ఉందని మాత్రం తెలుసు.

రోగనిరోధకత దృష్టిలో బోదకాలు విచిత్రమైన జబ్బు. రక్తంలో వేల పురుగు పిల్లలున్నా కొందరికి ఏ బాధా ఉండదు. వాళ్ల టీ కణాలు ఆ పురుగు విషయంలో మొద్దుబారి ఉంటాయి, ఐఎల్-10 అనే శాంతపరిచే సంకేతం, ఐజీజీ4 రకం యాంటీబాడీ ఎక్కువగా ఉంటాయి. కాలు వాచినవాళ్లలో అందుకు విరుద్ధంగా టీ కణాలు ఆవేశంగా స్పందిస్తాయి. చాలాసార్లు వాళ్ల రక్తంలో పురుగు పిల్లలు కనిపించవు. అదే వీధిలో, అవే దోమలు కుడుతూ, ఏమీ రానివాళ్లు మూడో గుంపు. ఒకే ఊళ్లో మూడు రకాల స్పందన. టీ కణాలను అదుపులో పెట్టే నియంత్రణ కణాలకు ఇందులో పెద్ద పాత్ర ఉంది. ఆ కణాలను గుర్తించిన షిమోన్ సకగుచికీ, వాటి వెనకున్న జన్యువును పట్టుకున్న మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌కీ 2025 వైద్య నోబెల్ వచ్చింది.

ఇక్కడ పెప్టైడ్ దారిలో వెళ్తే పని తెమలదు. ఫ్లూ వైరస్‌లో ప్రోటీన్లు పది, పదిహేను. బోదకాలు పురుగుకి దగ్గర చుట్టమైన బ్రూజియా మలయి జన్యుపటం 2007లో వచ్చినప్పుడు 11 వేలకు పైగా జన్యువులు తేలాయి. ఏ ముక్కను ఏ పళ్లెం చూపిస్తోందో తేల్చడానికే ఒక తరం పడుతుంది. కానీ రెండో దారి ఉంది. పెప్టైడ్ తెలియకపోయినా ఫర్వాలేదు, మనుషుల స్థితి తెలిస్తే చాలు. ఒక్కో మనిషి రక్తంలోంచి లక్షల రిసెప్టర్లు చదివి, ఆ సంచి మొత్తాన్ని మోడల్‌కి ఇచ్చి, ఈ మనిషి ఏ గుంపుకి చెందినవాడో చెప్పమనాలి. లక్షల్లో ఏ కొన్ని వందలు జవాబు చెబుతున్నాయో మోడల్ వెతుక్కుంటుంది. అమెరికాలో సైటోమెగాలో వైరస్ మీద ఇదే చేసి 2017లో ప్రచురించారు. 666 మంది రక్తం చదివితే, ఆ వైరస్ సోకినవాళ్లలో ఎక్కువగా కనిపించే బీటా రిసెప్టర్లు 164 బయటపడ్డాయి. వాటితో వేరే 120 మందిలో సోకిందా లేదా అన్నది చాలావరకు సరిగ్గా చెప్పగలిగారు. ఆ పనిలో వాడింది పెద్ద న్యూరల్ నెట్‌వర్క్ కాదు, గణాంక పద్ధతే. డీప్ లెర్నింగ్ దాని మీద నిర్మించుకుంటూ వచ్చింది.

సైటోమెగాలో వైరస్ ఒంట్లో జీవితాంతం ఉండి టీ కణాల్లో పెద్ద ముద్ర వేస్తుంది. బోదకాలు పురుగు ముద్ర అంత స్పష్టంగా ఉంటుందని అనుకోలేం. పైగా రిసెప్టర్ అక్షరాలు చూసి అది ఆవేశపడే కణమో, శాంతపరిచే కణమో చెప్పడం కష్టం. దానికి కణాలను ముందే వేరుచేసి చదవాలి, లేదా ఒక్కో కణాన్నీ విడివిడిగా చదివే ఖరీదైన పద్ధతికి పోవాలి. డీఎన్‌ఏ నుంచి బీటా గొలుసు మాత్రమే చదివే పద్ధతికి మాత్రం నిల్వ చేసిన రక్తం చాలు. కోనసీమ లంకల నుంచి కాకినాడ దాకా పడవ, బస్సు మారి వచ్చే రక్తానికి ఆర్‌ఎన్‌ఏ కంటే డీఎన్‌ఏ నమ్మకస్తురాలు. ఇలాంటి ఎంపికలు మోడల్ ఆకృతి కంటే థీసిస్‌ను ఎక్కువగా నిలబెడతాయి.

నమూనాలు తీసే తీరులోనే మోడల్ గెలుపోటములు చాలావరకు తేలిపోతాయి. కాలు వాచినవాళ్ల రక్తం ఒక వారం, ఏ జబ్బూ లేనివాళ్ల రక్తం ఇంకో వారం ల్యాబులో చదివితే, మోడల్ జబ్బు బదులు వారాన్ని నేర్చుకుంటుంది. కాలు వాచినవాళ్లు సగటున పెద్దవయసువాళ్లు. వయసు పెరిగే కొద్దీ రిసెప్టర్ల వైవిధ్యం తగ్గుతుంది, కాబట్టి వయసు కలవకపోతే మోడల్ ముసలితనాన్ని గుర్తుపట్టి బోదకాలు అని చెబుతుంది. డెల్టాలో మేనరికాలు మామూలు. ఒకే కుటుంబం నుంచి నలుగురు వస్తే పళ్లేలు కలిసిపోతాయి. ఇద్దరిని తర్ఫీదులో, ఇద్దరిని పరీక్షలో పెడితే మళ్లీ పాత ప్రశ్నపత్రమే. కుటుంబం మొత్తం ఒకే వైపు ఉండాలి, ఊరు మొత్తం ఒకే వైపు ఉంటే ఇంకా మంచిది. పాలకొల్లు వైపు ఊళ్లలో నేర్చుకున్న మోడల్ ముమ్మిడివరం వైపు ఊళ్లలో నిలబడితే అది మినీకిట్ దాటినట్టు. ప్రతి మనిషికీ హెచ్‌ఎల్‌ఏ రకం కూడా తేల్చాలి. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు 10 వేల మంది జన్యుక్రమాలు ఇచ్చింది, దేశంలో ఏ పళ్లెం ఎక్కడ ఎంత అన్నదానికి అవి పనికొస్తాయి. రిసెప్టర్ల జాబితా మాత్రం వాటిలో ఉండదు.

రక్తం ఇచ్చేవాళ్లకు ఈ మాటలన్నీ తెలుగులో, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పి సంతకం తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు అడుగుతున్నదీ అదే. రిసెప్టర్ వరుసల నుంచి హెచ్‌ఎల్‌ఏ రకాన్నీ, దాని ద్వారా కుటుంబ సంబంధాలనూ కొంతవరకు ఊహించవచ్చు కాబట్టి, పేరు తీసేస్తే సరిపోతుందని చెప్పడం నిజం కాదు. వాచిన కాలు బయటికి చూపించడానికే సిగ్గుపడి జీవితమంతా పెళ్లిళ్లకు వెళ్లని మనిషి, మళ్లీ వేలు ముందుకు చాచడమే పెద్ద విషయం. సంతకం కాగితం మీద ఉన్న ప్రతి మాటా ఆ మనిషికి బాకీ.

బోదకాలును 2027కల్లా లేకుండా చేయాలని ప్రభుత్వం గడువు పెట్టుకుంది. ఏటా మాత్రలు పంచే కార్యక్రమం 2004 నుంచి నడుస్తోంది. కొత్తగా పురుగు సోకేవాళ్లు తగ్గుతున్నారు, అది జరగాల్సిందే. కానీ ఆ కొద్దీ ఈ పరిశోధన చదవాల్సిన కణాలూ కరిగిపోతాయి. మశూచి టీకా వేయించుకున్నవాళ్ల రక్తంలో దాన్ని గుర్తుపెట్టుకున్న టీ కణాలు ప్రతి 8 నుంచి 15 ఏళ్లకు సగానికి తగ్గుతూ వచ్చాయని అమెరికాలో 2003లో లెక్క తేల్చారు. పురుగును గుర్తుపెట్టుకున్న కణాలకు వేరే లెక్క ఉండొచ్చు, తగ్గడం మాత్రం తప్పదు. చిన్నప్పుడు రాత్రి రక్తపు చుక్క ఇచ్చిన పిల్లలకు ఇప్పుడు అరవై, డెబ్బై ఏళ్లు.